సరుకు కంటే ముందు పేరు

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా జనపనార సంచులు కుట్టించి విశాఖ రేవు మీదుగా పై దేశాలకు పంపినవాణ్ణి. సరుకు పంపడం నేర్పినవాళ్లు నాకు చాలామంది దొరికారు. ఆ సరుకు మీద ఉన్న పేరును కాపాడుకోవాలని చెప్పినవాళ్లు దొరకలేదు. మన జిల్లా పిల్లలు ఇప్పుడు ఎగుమతుల్లోకి దిగుతున్నారు కనుక నాకు తెలిసింది చెబుతున్నాను.

1. ఇక్కడ రాయించుకున్న పేరు ఇక్కడే చెల్లుతుంది.

ట్రేడ్‌మార్కు ఏ దేశానికి ఆ దేశంలోనే రిజిస్టరు కావాలి. చెన్నై కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్టు చూసుకుని ప్రపంచమంతా మాదేనని మేము ధీమాగా ఉన్నాం. గల్ఫ్‌లో మా సంచులు అమ్మిపెట్టే ఏజెంటు మా పేరునూ బొమ్మనూ అక్కడ తన పేర రిజిస్టరు చేయించుకున్నాడు. ధర దగ్గర మాట తేడా వచ్చి మరో వర్తకుడికి సరుకు పంపితే, రేవులో కస్టమ్స్ వాళ్లు కంటెయినర్ ఆపేశారు. బేళ్ల మీద మా ముద్ర ఉంది, ఇన్‌వాయిస్ మాది, కుట్టింది మా ఊరి ఆడపడుచులు. అయినా ఆ దేశపు రికార్డు ప్రకారం నకిలీ సరుకు మాదే. ఆఖరికి అక్కడే కూలీలను పెట్టి, ఒక్కో సంచికీ మా లేబుల్ కుట్టు విప్పించి వేరే లేబుల్ వేయించి విడిపించుకున్నాం. అమ్మగా వచ్చింది ఆ ఖర్చులకే చాలలేదు. సొమ్ము పోయినదానికన్నా, మా పేరును మేమే విప్పించాల్సి వచ్చిందన్న బాధ నాకు ఈనాటికీ పోలేదు.

2. ఏజెంటును నమ్మండి, కానీ రాసుకుని నమ్మండి.

అనుమతి లేకుండా ఏజెంటు తన పేర మార్కు రాయించుకుంటే అసలు యజమాని అభ్యంతరం చెప్పవచ్చని పారిశ్రామిక ఆస్తి హక్కుల మీది పారిస్ ఒప్పందంలోనే ఉంది. మన దేశం 1998లో అందులో చేరింది. ఆ హక్కు మాకూ ఉండేది. అయితే అతను మా ఏజెంటేనని చూపడానికి మా దగ్గర ఒప్పంద పత్రం లేదు. అంతా ఫోన్ల మీదే నడిచింది. పేరు, బొమ్మ, డిజైను కంపెనీవేననీ, ఏజెన్సీ ముగిసిన రోజున అవి వాడే హక్కు కూడా ముగుస్తుందనీ ఒక్క పేజీ రాసుకుని ఉంటే మా కథ వేరుగా ఉండేది.

3. దరఖాస్తుకు గడువుంది.

ఇక్కడ దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోగా పారిస్ ఒప్పందంలోని మరో సభ్య దేశంలో వేస్తే మొదటి తేదీయే అక్కడా లెక్కకు వస్తుంది. 2013 జులై నుంచి ట్రేడ్‌మార్కుల అంతర్జాతీయ రిజిస్ట్రేషన్‌కు ఉన్న మాడ్రిడ్ పద్ధతి మనకూ వర్తిస్తోంది. ఒకే దరఖాస్తులో కావలసిన సభ్య దేశాలన్నీ ఎంచుకోవచ్చు. యూఏఈ కూడా 2021 చివర్లో అందులో చేరింది. ఒక్క జాగ్రత్త: మొదటి అయిదేళ్లలో ఇక్కడి మార్కు కొట్టివేతకు గురైతే దాని మీద నిలబడ్డ విదేశీ రిజిస్ట్రేషన్లూ కూలిపోతాయి. ఇంటి పునాది గట్టిగా ఉండాలి.

4. కాపలా లేని ఊరి పేరు సరుకు పేరైపోతుంది.

మనం గోగునార అనేదాన్ని ప్రపంచ నార వ్యాపారంలో బిమ్లీ జూట్ అన్నారు. మన భీమునిపట్నం రేవు పేరే అది. ఎక్కడ పండినా ఆ రకం నారకు ఆ పేరే అంటుకుంది. ఆ పేరు వల్ల భీమిలికి గాని, గోగు పండించిన మన రైతుకు గాని ఒక్క రూపాయి హక్కు దక్కలేదు. అప్పట్లో భౌగోళిక గుర్తింపు చట్టం లేదు, అది 2003లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు బొబ్బిలి వీణకు ఆ గుర్తింపు ఉంది, అరకు కాఫీకి 2019లో వచ్చింది. సొంత దేశంలో రక్షణ లేని పేరును కాపాడే బాధ్యత ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం ఇతర దేశాలకు లేదు, కనుక ఇది మొదటి మెట్టు. అక్కడితో ఆగితే మాత్రం చాలదు. డార్జిలింగ్ టీ వాళ్లు యూరప్‌లో విడిగా పోరాడి 2011లో రక్షణ తెచ్చుకున్నారు. గొల్లపల్లిలో పనసకర్ర తొలిచి వీణ చేసే కుటుంబాల తరఫున అలా తిరిగేవాళ్లెవరు? ఈ పని ప్రభుత్వం, సంఘాలు కలిసి తలకెత్తుకోవాలని నా గట్టి నమ్మకం.

5. కాగితం మీద లేనిది పరాయి గడ్డ మీద సాక్ష్యం కాదు.

పసుపు గాయాన్ని మాన్పుతుందని మన ఇళ్లలో తెలియనిదెవరికి? అయినా 1995లో అమెరికా దాని మీద పేటెంటు ఇచ్చింది. అప్పటి వాళ్ల చట్టంలో విదేశాల్లోని వాడుకకు విలువ లేదు, అచ్చయిన ఆధారానికే విలువ. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలనూ, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ ముందు పెట్టాకే 1997లో అది రద్దయింది. అందుకే మీ డిజైన్లు, మొదటి ఇన్‌వాయిస్‌లు, ప్రదర్శనల ఫొటోలు తేదీలతో సహా భద్రపరచండి.

ఈ ఏడాది మీరు ఏ దేశానికి సాంపిల్ పంపాలనుకుంటున్నారో, ఆ దేశం పేరు ముందు మీ ట్రేడ్‌మార్కు న్యాయవాదికి చెప్పండి. చిన్న పరిశ్రమకు ఆన్‌లైన్‌లో ఇక్కడి దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. మేము ఆ రేవులో లేబుళ్లు విప్పించిన కూలి అంతకు ఎన్నో రెట్లు.