చేలో సెన్సారుకు జామర్ బెడద: 13 దర్వాజాల లెక్కతో రక్షణ

మీరాలం మండికి కూరగాయలు తెచ్చే రైతు సోదరులకు దబీర్‌పురా దర్వాజా కొత్త కాదు. పాత హైదరాబాద్ చుట్టూ ఉన్న గోడకు 13 దర్వాజాలు ఉండేవి. నేడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలే.

ఆ 13 దర్వాజాలూ ఉన్నాయనుకోండి. ఒక దొంగ ఏదో ఒకచోట కాపు కాస్తాడు. మీరు రోజూ దబీర్‌పురా నుంచే వస్తే బండి పోయినట్టే. వరుస పెట్టి మార్చినా నాలుగు రోజుల్లో పసిగడతాడు. 13 చీటీలు కుండలో వేసి, తీసిన దర్వాజాకే వెళ్లండి. వాడెంత జిత్తులమారి అయినా సగటున 13 రోజులకు ఒక్కసారే దొరుకుతారు. ఎదుటివాడి ఎత్తును లెక్కలోకి తీసుకుని మన ఎత్తు వేసే ఈ గణితమే 'గేమ్ థియరీ'. దీనికి 1928లో జాన్ వాన్ నాయ్‌మన్ గట్టి పునాది వేశాడు.

చేనుకు దీనితో పనేమిటి? నేలలో తేమ చూసి మోటారుకు కబురు పంపే వైర్‌లెస్ సెన్సార్లు వచ్చాయి. అనంతపురం సరిహద్దున, పావగడ తాలూకా చెన్నకేశవపురంలో 2000 దశకంలోనే బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు మెట్టరైతుల కోసం వీటిని పెట్టి చూశారు. అయితే ఎవరైనా జామర్‌తో అదే చానెల్‌లో రొద పెడితే కబురు అందదు. పైరు ఎండుతుంది.

జిగ్‌బీ రకం సెన్సార్లకు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 16 చానెళ్లున్నాయి. చీటీ తీసినట్టు చానెల్ మారుస్తూ పంపితే, ఒక్క చానెల్‌నే అడ్డే జామర్‌కు 16 కబుర్లలో ఒకటే చిక్కుతుంది. అదే కబురు రెండుసార్లు పంపితే రెండూ పోయేది 256లో ఒకసారే. కాకపోతే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. అన్ని చానెళ్లనూ ఒకేసారి అడ్డితే ఈ ఉపాయం పారదు. కానీ అందుకు జామర్‌కూ ఎక్కువ కరెంటు కావాలి.

కొనేముందు ఇవి అడగండి:

1. చానెల్ దానంతటదే మారుతుందా? మారే క్రమానికి ప్రతి రైతుకూ వేరే రహస్య సంఖ్య ఉందా?

2. కబురు రాకపోతే మోటారు ఏం చేస్తుంది? కబురు లేదంటే నేల తడిగా ఉందని కాదు. అలారం మోగాలి, చేత్తో స్టార్టర్ వేసుకునే వీలుండాలి.

ఒక్క సెన్సారే మూగబోతే ముందు బ్యాటరీ చూడండి. అన్నీ ఒక్కసారే ఆగితే కబుర్లు అందుకునే పెట్టెకు కరెంటు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే జామర్‌ను అనుమానించండి. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం నేరం.

యంత్రాన్ని నమ్మండి, కానీ రెండు రోజులకొకసారి గుప్పెడు మన్ను పిసికి చూడటం మానకండి.