నైపుణ్య సర్టిఫికెట్‌కూ డిగ్రీ క్రెడిట్లు

ఐటీఐ, పాలిటెక్నిక్, స్వల్పకాలిక కోర్సుల్లో నేర్చిన పని డిగ్రీకి అక్కరకు రావాలన్నదే జాతీయ విద్యావిధానం-2020 ఆశయం. చేతిపనికీ చదువుకూ సమాన గౌరవం దక్కాలంటే ఇది తప్పనిసరి.

గుర్తుంచుకోవాల్సినవి
- అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్: యూజీసీ నిబంధనలు వెలువడింది 2021 జులైలో. విద్యార్థి క్రెడిట్లు ఇందులో డిజిటల్‌గా జమవుతాయి.
- నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్: 2023 ఏప్రిల్‌లో విడుదలైంది. పాఠశాల, ఉన్నత, వృత్తి విద్యలను ఒకే గొడుగు కిందకు తెచ్చింది.
- లెక్క: 30 అభ్యసన గంటలకు 1 క్రెడిట్, ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు.
- ఎన్‌సీవీఈటీ: వృత్తి విద్య నియంత్రణ సంస్థ. 2018 డిసెంబరులో నోటిఫై అయింది.
- స్వయం: ఆన్‌లైన్ కోర్సుల వేదిక. 2017 జులైలో ప్రారంభమైంది. సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను దీని ద్వారా చదవవచ్చు.
- ఈసెట్: తెలుగు రాష్ట్రాల్లో డిప్లొమా అభ్యర్థులు బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే మార్గం.
- అమెరికాలో: కళాశాల బయటి శిక్షణకు అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 1974 నుంచి క్రెడిట్లు సిఫారసు చేస్తోంది. అంగీకరించాలా వద్దా అన్నది కళాశాల నిర్ణయమే.

ఉదాహరణ
90 గంటల కోర్సు, క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో దాని స్థాయి 4.5 అయితే: 90÷30 = 3 క్రెడిట్లు. క్రెడిట్లను స్థాయితో గుణిస్తే క్రెడిట్ పాయింట్లు: 3×4.5 = 13.5. క్రెడిట్లు, క్రెడిట్ పాయింట్లు ఒకటి కావు. తికమక పడేది ఇక్కడే.

మాదిరి ప్రశ్న
600 గంటల శిక్షణకు ఎన్ని క్రెడిట్లు?
1) 10 2) 15 3) 20 4) 40
జవాబు: 3