కొత్త బాత్‌రూము: ముగ్గు పోయకముందే ఆలోచించవలసినవి



ఇల్లు కట్టుకునేటప్పుడు హాలు ఎంత ఉండాలి, వంటగది ఎటు ఉండాలి అని నెలల తరబడి ఆలోచిస్తాం. బాత్‌రూమును మాత్రం మిగిలిన మూలలో సర్దేసి, తలుపు ఎటు తెరుచుకోవాలో, తూము ఎక్కడ రావాలో మేస్త్రికి వదిలేస్తాం. కానీ తుంటి ఎముక విరిగి మా ఆసుపత్రికి వచ్చే పెద్దవారిని "ఎక్కడ పడ్డారమ్మా?" అని అడిగితే మేము తరచుగా వినే జవాబు "బాత్‌రూములో" అనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది కింద పడిన కారణంగా మరణిస్తున్నారు. వీరిలో ఎక్కువమంది 60 ఏళ్లు దాటినవారే. వయసు మళ్లినవారికి తుంటి విరిగితే బాధ ఆ ఎముకతో ఆగదు. మంచాన పడినవారికి ఊపిరితిత్తులలో నెమ్ము చేరవచ్చు, వీపున పుండ్లు పడవచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే ఈ పాఠంలో ఒకే సూత్రం నేర్చుకుందాం: బాత్‌రూమును ఇంట్లో అందరికన్నా బలహీనంగా ఉన్నవారి కోసం గీయాలి. వారికి సరిపోయినది మిగిలిన అందరికీ సరిపోతుంది.

1. పెద్దవారు అక్కడే ఎందుకు పడతారు?

రాత్రి నిద్రలో నుంచి ఒక్కసారిగా లేచినప్పుడు పెద్దవారికి రక్తపోటు తగ్గి కళ్లు తిరుగుతాయి. రక్తపోటు మాత్రలు వాడేవారిలో ఇది మరీ ఎక్కువ. కొన్ని మాత్రల వల్ల మూత్రానికి మాటిమాటికీ లేవవలసి వస్తుంది. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గి, నేల తడిగా ఉందో పొడిగా ఉందో తెలియదు. కంటిలో శుక్లాలుంటే గడప కనిపించదు. వీటికి తోడు తడి నేల, చీకటి, పట్టుకోవడానికి ఏమీ లేని గోడ. మొదట చెప్పినవాటికి వైద్యులు మందు ఇవ్వగలరు. చివరి మూడూ మీ చేతిలో, మీ మేస్త్రి చేతిలో ఉన్నాయి.

2. గది కొలతలు

భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం స్నానం, మరుగుదొడ్డి కలిసిన గది 2.8 చదరపు మీటర్లకు, అంటే సుమారు 30 చదరపు అడుగులకు తక్కువ ఉండకూడదు. వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదు. ఇది ఒక మనిషి తనంతట తాను మసలుకోవడానికి సరిపోతుంది. కానీ పక్షవాతం వచ్చిన తండ్రిని కొడుకు పట్టుకుని తీసుకువెళ్లాలంటే అక్కడ ఇద్దరు మనుషులు నిలబడాలి. వీలుంటే 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంచండి.

ఈ గదిని మనసులో ఇలా గీసుకోండి. తలుపు 8 అడుగుల గోడకు మధ్యలో ఉంటుంది. లోపలికి రాగానే మనం నిలబడేది పొడి చోటు. ఎదుటి గోడకు చేతులు కడుక్కునే సింకు. కుడివైపు మూలలో ఎదుటి గోడకు ఆనుకుని కమోడ్. దానికి కుడి పక్కనే గోడ ఉంది కాబట్టి పట్టుకునే కడ్డీ బిగించవచ్చు. ఎడమవైపు చివరి 3 అడుగులు స్నానానికి. తూము ఆ చివరే, గోడ వారగా. ఇలా చేస్తే రాత్రి మూత్రానికి వెళ్లినవారు తడి నేల మీద అడుగు పెట్టే అవసరం రాదు. స్థలం తక్కువైనా, దిక్కులు మారినా ఈ వరుసను విడువకండి: తలుపుకు దగ్గర పొడి చోటు, దూరంగా తడి చోటు.

3. తలుపు

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే ఆ శరీరమే తలుపుకు అడ్డం పడుతుంది. తోసే కొద్దీ పడినవారికి దెబ్బ. వరండాలో స్థలం లేకపోతే పక్కకు జరిగే తలుపు పెట్టించండి. గడియ బయట నుంచి కూడా తీయగలిగేదిగా ఉండాలి. సందు కనీసం 2 అడుగుల 8 అంగుళాలు, వీలైతే 3 అడుగులు ఉంటే చక్రాల కుర్చీ, వాకరు తగలకుండా పోతాయి.

4. నేల, వాటం

నీళ్లు బయటికి రాకుండా చాలామంది ఎత్తు గడప కట్టిస్తారు. ఆ గడపే కాలికి తగులుతుంది. నీటిని ఆపవలసింది వాటం. పొడి చివర నుంచి తూము దాకా 8 అడుగుల పొడవుకు సుమారు ఒకటింపావు అంగుళం పల్లం చాలు. తలుపు దగ్గర అర అంగుళానికి మించి ఎత్తు వద్దు. పని పూర్తి చేసి మేస్త్రి వెళ్లకముందే రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా నీరు నిలిస్తే అక్కడ పాచి పట్టి, రేపు అక్కడే కాలు జారుతుంది.

నున్నగా మెరిసే టైల్స్ గోడలకు బాగుంటాయి, నేలకు పనికిరావు. నేలకు గరుకు టైల్స్ గాని, పాలిష్ చేయని తాండూరు బండలు గాని వేయించండి. కొనే ముందు దుకాణంలోనే ఒక టైలు మీద సబ్బునీళ్లు పోసి, చేతితో గట్టిగా రుద్ది చూడండి. అంతేకాదు, నేల రంగు, గోడ రంగు వేరుగా ఉంటే చూపు తగ్గినవారికి నేల ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది.

5. కమోడ్, కడ్డీలు

మోకాళ్ల నొప్పులున్నవారు గొంతుక్కూర్చుని లేవలేరు. కమోడ్ కూర్చునే ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు ఉంటే లేవడం సులువు. నేల మట్టం బేసినే కావాలనుకున్నా, రేపు కమోడ్ కుర్చీ వేసుకోవడానికి దాని చుట్టూ చోటు ఉంచండి.

కడ్డీ కోసం గోడ కట్టేటప్పుడే ఆలోచించాలి. బోలు ఇటుకలో బిగించిన మేకు మనిషి బరువు మోయదు. కడ్డీ వచ్చే చోట కాంక్రీటు నింపించండి. నేల నుంచి సుమారు 2 అడుగుల 9 అంగుళాల ఎత్తున, గోడకు ఒకటిన్నర అంగుళం ఎడంగా, పిడికిలికి ఇమిడే స్టీలు గొట్టం ఉండాలి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. తువ్వాలు వేసే కడ్డీని, కుళాయిని నమ్ముకోకండి. పడబోయే మనిషి పట్టుకుంటే అవి ఊడి చేతిలోకి వస్తాయి. స్నానానికి కదలని స్టూలు, కూర్చుని అందుకునే ఎత్తులో కుళాయి ఉండాలి.

6. వెలుతురు, కరెంటు, గ్యాసు

లైటు స్విచ్ తలుపు బయట, చేతికి అందేలా పెట్టించండి. మంచం నుంచి బాత్‌రూము దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. గీజరుకు ఎర్తింగు తప్పనిసరి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే షాకు తగిలిన క్షణంలో కరెంటు తెగిపోతుంది. గ్యాస్ గీజరును మాత్రం బాత్‌రూము లోపల పెట్టవద్దు. మూసిన గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లినవారు తల బరువెక్కి, కేక వేయకుండానే స్పృహ తప్పుతారు. గీజరు, సిలిండరు బయట, గాలి ఆడే చోట ఉంచి గొట్టం ద్వారా వేడినీళ్లు లోపలికి తెచ్చుకోండి. గదికి కిటికీ గాని, పైన వెంటిలేటరు గాని ఉండి తీరాలి.

7. గోడ అవతల

గది ఎంత బాగున్నా, గుంట నీరు బావిలో కలిస్తే ఇంట్లో పసిపిల్లలకు విరేచనాలు తప్పవు. గుంటకు, తాగే నీటి బావికి లేదా బోరుకు మధ్య కనీసం 10 మీటర్ల దూరం ఉంచండి. గోదావరి, కృష్ణా డెల్టాల వలె నీరు పైపైనే ఉన్న చోట, ఇసుక నేలల్లో, ఇంకా దూరం కావాలి. అందుకని బాత్‌రూముకు చోటు ఎంచుకునే రోజునే గుంట ఎక్కడో, బావి ఎక్కడో కలిపి చూడాలి. పొరుగువారి బావిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసం

మేస్త్రి పునాదికి ముగ్గు పోయకముందే, మీరే పెరట్లో ముగ్గుపిండితో బాత్‌రూమును అసలు కొలతతో గీయండి. గోడ వచ్చే చోట ఒకటి రెండు కర్రలు పాతి తాడు కట్టండి. కమోడ్ చోట ఒక స్టూలు, స్నానం చోట ఒక బకెట్టు పెట్టండి. ఇంట్లో పెద్దవారిని పిలిచి లోపలికి నడవమనండి, కూర్చోమనండి, లేవమనండి. మీరు పక్కనే ఉండండి. లేచేటప్పుడు వారి చేయి ఆసరా కోసం ఎటు వెళుతుందో గమనించండి. కడ్డీ రావలసిన చోటు అదే. తరువాత మీరు వారిని పట్టుకుని ఇద్దరూ కలిసి నడిచి చూడండి. భుజం తాడుకు తగిలితే గీత జరపండి. ఈ రోజు చెరిపేది ముగ్గు. పనయ్యాక పగలగొట్టవలసింది గోడ.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన బాత్‌రూములో ఎవరైనా పడిపోతే తలుపు తీయగలమా?
2. రాత్రి లేచినవారు పొడి నేల మీదనే వెళ్లి రాగలరా?
3. కూర్చున్న చోట చేతికి అందేది ఏమిటి? అది మనిషి బరువు ఆపుతుందా?
4. గుంట నుంచి తాగే నీటికి ఎన్ని అడుగులు?

కొత్తది కట్టే స్తోమత లేనివారు కూడా ఈ ప్రశ్నలు వేసుకోవచ్చు. గడియ మార్చడం, ఒక కడ్డీ బిగించడం, ఒక చిన్న దీపం పెట్టడం మేస్త్రికి ఒక్క పూట పని. కట్టబోయేవారు జవాబులను కాగితం మీద రాసి, పని మొదలయ్యే రోజున మేస్త్రి చేతికి ఇవ్వండి.