ఆటకు ఒక గంట



2025 సెప్టెంబరు 7న జగద్గురువులు 14వ లియో పోపుగారు కార్లో అకూతిస్‌ను పునీతునిగా ప్రకటించారు. ఇటలీలోని మిలాన్‌లో పెరిగిన ఈ బాలుడు 2006లో, 15 ఏళ్ళకే రక్త క్యాన్సరుతో మరణించాడు. మన పిల్లలవలె ఇతనికీ వీడియో గేములంటే ఇష్టమే. వాటిని పారవేయలేదు; వారానికి ఒక్క గంట అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. అనుదినం దివ్యబలిపూజకు వెళ్ళేవాడు. కంప్యూటరుతో దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలు సేకరించి లోకానికి అందించాడు.

పిల్లల చేతిలో సెల్‌ఫోను చూసి గద్దిస్తాం, మంచిదే. కాని సీరియలు ముగిసేదాకా జపమాలను ఆపేది ఎవరు? పెద్దలమైన మనమే కదా! బిడ్డలు మన మాటకంటె మన నడవడినే ముందు నేర్చుకుంటారు.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థన వేళకు ఒక హద్దు నిర్ణయించుకోండి. ముందు అమ్మానాన్నల ఫోన్లు పక్కన పెట్టండి. ఆ తర్వాత పిల్లలవి.