ఫ్యాను ఆపే ముందు

పదో తరగతి అబ్బాయి రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతుంటే, ఏడో తరగతి అమ్మాయి సెలవు రోజంతా ఫోను పట్టుకుని మంచం దిగకపోతే మనకు దిగులు పుడుతుంది. పుట్టకపోతేనే ఆశ్చర్యం. ఆ దిగులుతోనే ఒక ఆదివారం బజారుకు వెళ్ళి మంచి బూట్లు కొంటాం, సోమవారం ఐదున్నరకు అలారం పెడతాం. మొదటి రోజు పిల్లలు హుషారుగానే లేస్తారు, బూట్లు కొత్తవి కదా. రెండో రోజు గొణుగుతారు. వారం తిరిగేసరికి అలారం దాని మానాన అది మోగుతుంటుంది, మనం ఫ్యాను ఆపేస్తాం, దుప్పటి లాగేస్తాం, చివరికి నీళ్ళు కూడా చల్లుతాం. ఆ పూటంతా ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాటలుండవు.

చాలాకాలం బడిలో ఆటల మాస్టారుగా పనిచేశాను. తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న "మావాడికి ఇంత బద్ధకం ఏమిటి సార్?" అన్నదే. ముందు ఆ బద్ధకం సంగతి చూద్దాం.

పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి పిల్లల ఒంట్లో గడియారం కొంచెం వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి నిద్ర తెప్పిస్తుంది. యుక్తవయసులో అది ఊరడం ఆలస్యమవుతుంది. ఇది ఫోన్ల వల్ల కొత్తగా వచ్చిన జబ్బు కాదు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ లాంటివాళ్ళు, పిల్లల చేతుల్లోకి ఈ ఫోన్లు రాకముందే, 1990లలోనే దీన్ని గమనించారు. ఫోను వెలుగు ఆ ఆలస్యాన్ని ఇంకాస్త పెంచుతుంది, అంతే. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లవాడు రాత్రి పదింటికి "నాకు నిద్ర రావట్లేదు" అంటే నిజమే చెబుతున్నాడు. పొద్దున ఐదున్నరకు కళ్ళు తెరవలేకపోతున్నాడంటే అదీ నిజమే. ఆ క్షణంలో మన కేకలు వాడి చెవిలో పడతాయి గానీ అర్థం కావు. ఎందుకు తిడుతున్నారో పూర్తిగా తెలియకముందే తిట్లతో వాడి రోజు మొదలవుతుంది. రోజూ అలా మొదలైతే వాడికి పొద్దు అంటేనే భయం పుడుతుంది.

బద్ధకం కాదని తేలింది కదా అని ఊరికే కూర్చోలేం. ఇక్కడో కష్టమైన లెక్క ఉంది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఇప్పుడు మన ఇంటి సంగతి ఒక కాగితం మీద వేసి చూద్దాం. ట్యూషన్ ఎనిమిదిన్నరకు అయిపోతుంది. ఇంటికొచ్చి తినేసరికి తొమ్మిదిన్నర. హోంవర్కు పదకొండు. ఆ పిల్లవాణ్ణి ఐదున్నరకు లేపితే వాడికి దక్కేది ఆరున్నర గంటల నిద్ర. ఎదిగే వయసులో ఒంటికి కావలసిన ఎదుగుదల హార్మోనులో ఎక్కువ భాగం గాఢనిద్రలోనే ఊరుతుంది. క్లాసులో విన్నది తలకెక్కి నిలవాలన్నా నిద్రే కావాలి. అంటే మనం ఆరోగ్యం కోసం పరుగు పెట్టిస్తూ ఆ ఆరోగ్యాన్నే నిద్రలోంచి కోసేస్తున్నాం. ఆ లెక్క కుదరకపోతే నా తీర్పు మొహమాటం లేకుండా చెబుతాను: ట్యూషన్ తగ్గించండి, లేదా పరుగును సాయంత్రానికి మార్చండి. నిద్ర జోలికి మాత్రం వెళ్ళకండి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున ఒక గంట ఒళ్ళు వంచే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గంట తెల్లారగట్లే ఉండాలని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

తాతగారు బ్రహ్మముహూర్తంలో లేచేవారని పిల్లలకు చెబుతుంటాం. ఆయన ఎనిమిదింటికల్లా పడుకునేవారన్న సంగతి మాత్రం చెప్పం. పెందలాడే లేవడం పెందలాడే పడుకోవడంలోనే ఉంది. అది పిల్లవాడొక్కడి చేతిలో ఉన్న పని కాదు. హాల్లో సీరియల్ నడుస్తుంటే, వంటింట్లో గిన్నెలు చప్పుడవుతుంటే, నాన్న మంచం మీదే ఫోన్లో వీడియోలు చూస్తుంటే లోపలి గదిలో దీపం ఆర్పేసి వాణ్ణొక్కణ్ణే పడుకోమంటే ఎలా పడుకుంటాడు? అందరూ కలిసి ఉన్న చోటి నుంచి తననొక్కణ్ణే పంపేసినట్టు ఉంటుంది వాడికి.

ఇంకొన్ని ఇళ్ళలో సంగతి ఇంతకంటే సున్నితం. నాన్న దుకాణం కట్టేసో, షిఫ్టు ముగించుకునో పదింటికి ఇల్లు చేరతాడు. పిల్లలు ఆయన కోసం మేలుకుని ఉంటారు. పైకి చెప్పరు, ఏదో పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. రోజంతటిలో నాన్న దొరికే అరగంట అదే మరి. దాన్ని లాగేసుకుని "తొమ్మిదిన్నరకు పడుకో" అంటే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఇలాంటి ఇంట్లో నేను చెప్పేది ఒకటే. ఆ అరగంటను పొద్దుటికి మార్చండి. నాన్నే గ్రౌండుకు తీసుకెళ్ళాలి, ఫోను ఇంట్లో వదిలేసి. పరిగెత్తలేకపోతే నడవండి, అదీ కుదరకపోతే గట్టు మీద కూర్చోండి. పొద్దున నాన్న దొరుకుతాడని తెలిస్తే రాత్రి మేలుకోవలసిన అవసరం మెల్లగా తగ్గుతుంది. ఆ సంగతి వాళ్ళకు నమ్మకం కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మనం రెండుసార్లు మానేస్తే ఇంకా ఆలస్యమవుతుంది.

పరుగు అనగానే పిల్లల మనసులో ఏం మెదులుతుందో కూడా చూడాలి. మన బడుల్లో ఆలస్యంగా వచ్చినవాడికి, గొడవ చేసినవాడికి పడే శిక్ష "గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు". పిల్లలు పరుగును మొదట ఎరిగింది శిక్షగానే. ఇంట్లో మనం దానికి ఇంకో మాట జోడిస్తాం: "లావైపోతున్నావు, పరిగెత్తు." ఆ మాట అన్నది ప్రేమతోనే, అందులో నాకు సందేహం లేదు. కానీ పన్నెండేళ్ళ అమ్మాయి చెవికి అది "నువ్వు ఉన్నట్టుగా బాగాలేవు" అని వినిపిస్తుంది. రోజూ గ్రౌండులో అడుగు పెట్టగానే ఆ మాటే గుర్తొస్తే, ఎవరో తననే చూస్తున్నారని, తన టీషర్టు బిగుతుగా ఉందని, వెనకాల ఎవరో నవ్వారని అనిపిస్తుంది. ఇక కాళ్ళు ఎక్కడ సాగుతాయి? బరువు మాట ఇంట్లో ఎత్తకండి. ఎదురింటి అబ్బాయితో పోలిక కూడా వద్దు. "ఇవాళ ఎక్కడిదాకా వెళ్దాం?" అని అడిగితే చాలు.

ఒక్కోసారి లేవలేకపోవడానికి కారణం ఒంట్లోనే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే పొద్దున లేవలేని, రెండొందల అడుగులకే ఊపిరి అందని, మధ్యాహ్నం పుస్తకం మీద తల వాల్చే అమ్మాయిని బద్ధకస్తురాలు అనేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. చిన్న పరీక్షే, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చేస్తారు. అలాగే రాత్రంతా గట్టిగా గురక పెట్టే పిల్లలు, నోటితో ఊపిరి తీసుకునే పిల్లలు ఎనిమిది గంటలు పడుకున్నా అలసటతోనే లేవచ్చు. ముక్కు వెనక అడ్డేమైనా ఉందేమో డాక్టరు చూడాలి. పరిగెత్తినప్పుడు ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే, చలిగాలికి దగ్గు తెరలుగా వస్తే ఉబ్బసం ఉందేమో అడగాలి. మందు వాడుకుంటూ చక్కగా పరిగెత్తే పిల్లలున్నారు, భయం అక్కర్లేదు. పరుగులో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా మాత్రం డాక్టరు సరేననేదాకా ఆపేయాలి.

ఇవన్నీ సర్దుకున్నాక మొదలుపెడదాం, నెమ్మదిగా. ఏడింటికి లేచేవాణ్ణి ఒక్కసారిగా ఐదున్నరకు లాగొద్దు. నాలుగైదు రోజులకు ఒక పావుగంట చొప్పున ముందుకు జరపండి, రాత్రి పడుకునే వేళ కూడా అంతే జరగాలి. మొదటి రెండు వారాలు పరుగు మాటే వద్దు. లేచి, ముఖం కడుక్కుని, ఆరుబయట వెలుతురులో కాసేపు తిరిగి వస్తే అదే పని. పొద్దుటి వెలుగు కంట పడితేనే లోపలి గడియారం ముందుకు జరుగుతుంది. జనవరిలో హైదరాబాదులో ఆరున్నర దాటినా సూర్యుడు రాడు, మే చివర్లో ఆరు కాకముందే వచ్చేస్తాడు. అందుకే ఏడాది పొడుగునా ఒకే అలారం పెట్టాలన్న పట్టుదల వద్దు. చలికాలంలో చీకట్లో, వీధికుక్కల మధ్య పిల్లను ఒంటరిగా పంపడం ఏ రకంగానూ క్రమశిక్షణ కాదు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు ఎలాగూ పెందలాడే లేస్తారు. అలవాటు చేయడానికి అది మంచి సమయం. కాకపోతే మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోనిస్తే రాత్రి మళ్ళీ మొదటికొస్తుంది. అరగంట చాలు. ఆదివారం గంట ఆలస్యంగా లేస్తే ఫరవాలేదు, పదిన్నర దాకా పడుకుంటే సోమవారం మళ్ళీ యుద్ధమే.

పరుగు మొదలుపెట్టాక పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత వేగం చాలు. ఆయాసం వస్తే నడవాలి, తగ్గాక మళ్ళీ పరుగు. మన ఊళ్ళ గ్రౌండ్లలో తెల్లారగట్ల కనిపించేది ఎక్కువగా కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు సాధన చేసే యువకులు. వాళ్ళను చూసి మనవాడికీ స్టాప్‌వాచ్ పట్టొద్దు. అది పెద్దవాళ్ళకు పెట్టిన పరీక్ష. ఎదిగే పిల్లలకు ఎక్కువ పరుగు వల్ల మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పి రావడం మామూలే. నొప్పి అన్నప్పుడు "సాకు" అనకుండా విశ్రాంతి ఇవ్వండి. పదేళ్ళలోపు వాళ్ళకైతే ఈ గొడవే వద్దు, కబడ్డీయో, అంటుకునే ఆటో చాలు. బయల్దేరేముందు ఒక అరటిపండు, వచ్చాక రాగిజావ, ఇంతే.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందని ఎవరో చెప్పగా మనం నమ్మేశాం. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం పెద్దవాళ్ళ మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో ఒక అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 దాకా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టమేమీ కనిపించలేదు. పెద్దవాళ్ళకే అంత తేడా ఉంటే పిల్లలకు తారీకు పెట్టగలమా? తప్పిన రోజున "చూశావా, నీవల్ల కాదు" అనకపోతే చాలు, మర్నాడు లేచే అవకాశం మిగులుతుంది.

ఏ వేళకు, ఎవరితో, ఏ గ్రౌండుకు అన్న మూడూ పిల్లల్నే అడిగి ఖాయం చేయండి. వాళ్ళు సాయంత్రమే అంటే సాయంత్రమే. పొద్దునే అంటే అలారం వాళ్ళ చేతే పెట్టించండి. రాత్రి పదింటికి మీ హాల్లో ఇంకా టీవీ నడుస్తుంటే మాత్రం ఆ అలారం పెట్టించకండి.