పాత ఫైబర్ పడవకు ప్లైవుడ్ ఎంపిక

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కింది. అటువంటి రోజుల్లో రోడ్డు తెగిన ఊళ్లకు పడవే దారి. పూర్వపు తాటిదోనెలు, చెక్క నావల సరసన ఇప్పుడు ఫైబర్‌గ్లాస్ పడవలూ చేరాయి. పాతబడిన ఫైబర్ పడవను బాగు చేసేటప్పుడు ఎటువంటి ప్లైవుడ్ వాడాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఫైబర్ కుళ్లదు గదా, చెక్క గొడవ ఎందుకని అడగవచ్చు. గాజుపీచూ రెజినూ కలిసిన పెంకు కుళ్లదన్న మాట నిజమే. కానీ చాలా పాత పడవల్లో ఆ పెంకుకు బలమిచ్చేది లోపలి చెక్కే. ఇంజను బిగించే వెనుక పలక, అడుగున నిడువుగా సాగే దన్ను పట్టీలు, మనం కాళ్లు పెట్టే నేల - ఈ మూడింటా ప్లైవుడ్డో కలపో దాగి ఉంటుంది. మర బిగించిన రంధ్రం గుండా నీరు చుక్క చుక్కగా దిగుతుంది. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి, గాలి కూడా తగిలితే శిలీంధ్రాలు పెరిగి పుచ్చు పడుతుంది. పైన చూస్తే పడవ నిగనిగలాడుతూనే ఉంటుంది.

లోపం కనిపెట్టడం

చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి చోట ఖంగుమంటుంది. పుచ్చిన చోట బొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట లోపలి వైపు నుండి సన్నని రంధ్రం వేస్తే, మంచి చెక్క పొడి లేతరంగులో పొడిగా రాలుతుంది. నల్లగా తడిగా వస్తే ఆ చెక్కను తీసెయ్యవలసిందే.

మూడు రకాలు

బజారులో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. ఎంఆర్ రకం గాలిలోని తేమకు మాత్రమే తట్టుకుంటుంది; ఇంట్లో బీరువాలకు సరే, పడవకు పనికిరాదు. బీడబ్ల్యూఆర్ రకం మరిగే నీటికి కొంతవరకు నిలుస్తుంది. ఈ రెండూ ఐఎస్ 303 ప్రమాణం కిందివి. మూడవది ఐఎస్ 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్. దీని జిగురు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జాతిది. 72 గంటల మరుగుడు పరీక్షకు నిలవాలి. వెనుక పలకకూ దన్ను పట్టీలకూ ఇదే వాడాలి.

అయితే ముద్ర ఒక్కటే చాలదు. షీటు అంచు చూడండి. పొరల మధ్య సందులుంటే అక్కడ నీరు నిలుస్తుంది. "మెరైన్ కాకపోతేనేం, మందం ఎక్కువ వేద్దాం" అంటారు కొందరు. జిగురు విడిపోతే మందం ఏం చేస్తుంది? పొర పొరకూ నారదిశ అడ్డంగా మారడంలోనే ప్లైవుడ్ బలముంది. పొరలు ఊడితే అది వట్టి అట్టల కట్ట. మన ప్రాంతంలో విరివిగా పెంచే జామాయిలు కలపను ప్లైవుడ్డుకూ వాడతారు. కలప పేరు కంటే పొరల కూర్పు, జిగురు ముఖ్యం. కొనేముందు ఒక ముక్క అడిగి తెచ్చి నీళ్లలో ఉడికించండి. పొరలు విచ్చుకుంటే ఆ షీటు వద్దు. మన ప్రయోగశాలలోనే చెయ్యగల పరీక్ష ఇది.

అమర్చే పద్ధతి

పాత పలక మందం కొలిచి అంతే మందం వెయ్యాలి. చెక్క తేమ 12 శాతం లోపు ఉండాలి. తడి చెక్కను రెజిన్‌తో మూసేస్తే తడిని లోపల బంధించినట్లే. చెక్కకు పాలిస్టర్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. నీటిని ఎక్కువగా తాగేది అంచే కనుక, అంచులకు రెండు మూడు పూతలు తప్పనిసరి. మరలకు ముందు పెద్ద రంధ్రం వేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమ చిన్న రంధ్రం వెయ్యాలి. అప్పుడు మర పక్కన నీరు జారినా చెక్కను తాకదు.

డబ్బు తక్కువైతే పెట్టెల మూతల వంటి బరువు పడని చోట్ల బీడబ్ల్యూఆర్ వాడి పొదుపు చేయవచ్చు. ఇంజను మోసే పలక దగ్గర మాత్రం ఆ పొదుపు తగదు. వరద ఉరవడిలో ఆ పలక ఊడితే ఇంజను పోతుంది. ఇంజను పోతే పడవ ఏటి పాలు, అందులోని మనుషులూ అంతే. రంగు వేశాక ఆ చెక్క ఎవరికీ కనిపించదు. కనిపించని చోట నిజాయితీగా చేసిన పనే అసలైన పనితనం.