సూదీ దారం: అమ్మ చీరలతో బొంతలు

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డకి మా అమ్మ నేత చీరతో బొంత కుడదామని తీసి పెట్టుకున్నాను. అమ్మాయేమో "పసిపిల్లల పక్కలో బొంతలూ దిండ్లూ వద్దన్నారమ్మా డాక్టరుగారు" అంటోంది. మమ్మల్నందరినీ బొంతల్లోనే కదా పెంచారు! కుట్టమంటారా, మానమంటారా? ఒక్క చీర సరిపోతుందా?
– కాబోయే అమ్మమ్మ, నిడదవోలు

జవాబు: కుట్టండి. డాక్టరుగారి మాటా వినండి. ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రపోయే చోట బొంత, దిండు, మెత్తటి బొమ్మ ఏవీ ఉంచొద్దనే పిల్లల వైద్యులు చెబుతున్నారు. బట్ట ముఖం మీదికి జారితే తీసుకునే శక్తి ఆ చేతులకు ఉండదు. మనం తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా అందులోకే వస్తుంది. కాబట్టి ఈ బొంతను మేలుకుని ఉన్నప్పటి పక్కగా కుట్టండి. చాప మీద పరిచి నూనె రాయడానికి, బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి, వచ్చిన చుట్టాల ముందు పాపాయిని వేయడానికి. కప్పుకోవడం మొదటి పుట్టినరోజు తరవాత. ఇలా చెబితే మీ అమ్మాయి కూడా కాదనదు.

ఒక్క చీర బ్రహ్మాండంగా సరిపోతుంది. అయిదున్నర మీటర్ల చీరంటే దాదాపు 216 అంగుళాలు. 36 అంగుళాల చొప్పున కోస్తే ఆరు ముక్కలు, పన్నా 45 అంగుళాలు. ఆరు పొరల బొంత! కొంగులో జరీ ఉంటే ఆ ముక్క తీసేయండి, గీసుకుంటుంది. అయిదు పొరలు చాలు. కోయకముందే ఫాల్ విప్పేయండి. తరవాత చీరను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. నడుము దగ్గర దోపుకునే చోట, మడమలకు రాసుకునే కింది అంచు దగ్గర నేత పలచబడి వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి ముక్కలు లోపలి పొరలకు, గట్టివి పైకీ కిందికీ.

ఆ చీర అచ్చంగా నూలేనా అని కూడా చూసుకోండి. అంచు నుంచి నిలువు పోగు ఒకటి, అడ్డపోగు ఒకటి లాగి, వంటింటి సింకు మీద పటకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టరు కలిస్తే కరిగి, చల్లారాక గట్టి పూసలా చేతికి తగులుతుంది. అది చెమట పీల్చదు, పసివాళ్లకు వద్దు.

గుండీలు, అద్దాలు, పూసలు, తాళ్లు పెట్టకండి. చేతికుట్టయితే వరసకీ వరసకీ బెత్తెడు ఎడం ఉన్నా ఫరవాలేదుగానీ, కుట్టు మాత్రం పొట్టిగా ఉండాలి. పొడుగు కుట్టులో పాపాయి వేలు ఇరుక్కుంటుంది.

ప్రశ్న: అమ్మ పోయి ఏడాది దాటింది. బీరువా నిండా చీరలు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. అన్నీ చదరాలుగా కోసి తలో బొంత కుట్టించుకుందామంటుంది పెద్దక్క. నూలు చీరలతో పాటు కంచి పట్టువీ ఉన్నాయి, మడతల దగ్గర పిగులుతున్నాయి. నాకు కత్తెర పట్టుకోవాలంటే చేతులు రావడం లేదు.
– చిన్న కూతురు, ఒంగోలు

జవాబు: చేతులు రాకపోవడం మంచిదే, ఇంకొన్నాళ్లు రానివ్వకండి. ముందు ముగ్గురూ కూర్చుని చీరలను మూడు కుప్పలు పెట్టండి. ఇంకా కట్టుకోగలిగినవి ఒక కుప్ప. వాటికి కత్తెర తగలకూడదు, పంచుకుని కట్టుకోండి. అమ్మ రోజూ ఇంట్లో కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలువి రెండోది. పిగిలిన పట్టువి మూడోది. బొంతకు పనికొచ్చేది రెండో కుప్ప ఒక్కటే.

మీ అక్కగారితో నాకు పేచీ ఆ చదరాల దగ్గరే. అరచేతి వెడల్పు ముక్కలుగా కోశాక రంగులు మిగులుతాయిగానీ చీర మిగలదు. "ఇది అమ్మ సంక్రాంతికి కట్టిన మంగళగిరి చీర" అని గుర్తుపట్టాలంటే అంచు కనీసం మూరెడు పొడుగునా కనబడాలి. పెద్ద ముక్కలుగానే ఉంచండి. ఒక చీరలో 36 అంగుళాల ముక్కలు ఆరొస్తాయన్నాను కదా, తలా రెండు. అలా ప్రతి చీరా ముగ్గురి బొంతల్లోనూ ఉంటుంది. పేచీ పడాల్సింది కొంగు దగ్గరే, అదొక్కటే కాబట్టి చీటీలు వేసుకోండి.

డబుల్ మంచానికైతే లెక్క వేరు. చీరను 90 అంగుళాల ముక్కలు రెండుగా కోసి, అంచులు కలిపి కుడితే ఒక పొర. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రెండు: నాలుగు చీరలు. అంతకు మించొద్దు. ఉతికేటప్పుడు తడిసిన బొంతను పిండి దండెం మీద వేయాల్సింది మీరే.

పట్టు సంగతి. మడత మీదే ఏళ్ల తరబడి ఉంచిన పట్టు అక్కడే విరుగుతుంది, పక్కన జరీ ఉంటే ఇంకా తొందరగా. దాన్ని బొంతలో వేస్తే రెండు ఉతుకులకు పీలికలవుతుంది. గట్టిగా ఉన్నంత మేర కోసి, వెనక మల్లు గుడ్డ వేసి చేత్తో కుట్టి, దేవుడి పీట మీదికో, గోడకు తగిలించుకోవడానికో చేసుకోండి. మరో మాట: "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్లు కొనేది పట్టును కాదు, జరీలోని వెండిని. అసలు జరీలో పట్టుదారానికి వెండితీగ చుట్టి ఉంటుంది. బంగారుకొట్లో చూపించకుండా స్టీలు గిన్నెకు మార్చుకోకండి.

ప్రశ్న: పాత జీన్సు ప్యాంట్లతో మా బాబుకు స్కూలు సంచీ కుడుతున్నాను. కుట్టు మీద కుట్టు వచ్చిన చోట సూది విరుగుతోంది. నేను మిషన్ తొక్కుతుంటే పక్కింటివాళ్లు నవ్వుతున్నారు, అది వేరే సంగతి.
– ఒక నాన్న, కరీంనగర్

జవాబు: వాళ్ల చొక్కాలు ఏ ఆడమనిషి కుట్టిందో అడగండి. సూది 16 నంబరుది వేయండి, మరీ మందమైతే 18. చాలా మిషన్లలో మామూలు నూలుబట్టకు పెట్టిన 14 అలాగే ఉండిపోతుంది. మందంగా ఉన్న చోటును ముందు సుత్తితో రెండు దెబ్బలు కొట్టి అణచండి. అక్కడికి రాగానే కాళ్లు ఆపి, చక్రం చేత్తో తిప్పండి. బట్ట కదలడం లేదని వెనక నుంచి లాగుతున్నారేమో, అదే అసలు కారణం: లాగితే సూది వంగి కింది రేకుకు కొట్టుకుంటుంది. పాదం ఎగుడుదిగుడుగా ఉంటే దాని వెనక మడిచిన జీన్సు ముక్క పెట్టి సమం చేయండి.

ప్రశ్న: ఇక్కడ క్విల్టు క్లాసుకు వెళుతున్నాను. పావంగుళం తేడా వస్తే విప్పించి మళ్లీ కుట్టిస్తారు. అత్తయ్యగారు పంపిన బొంతలో ఒక్క గీతా తిన్నగా లేదు, కానీ పొర జరగలేదు, ముడత లేదు. నావి గీతలు తిన్నగా వస్తున్నాయి, మధ్యలో ముడతలు! ఏది సరైన పద్ధతి?
– కోడలు, డాలస్

జవాబు: క్లాసువాళ్లది కొలత పద్ధతి. నక్షత్రాలూ త్రికోణాలూ ఒకదానికొకటి అతకాలంటే పావంగుళం లెక్క తప్పదు. అత్తయ్యగారికి అతికే బాధ లేదు. ఆవిడ చూసుకున్నదల్లా చేతి కింద బట్ట సాపుగా ఉందా లేదా అని.

ముడతలకు మందు టాకాలు. పొరలన్నీ నేల మీద పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు సాపు చేస్తూ, మధ్యలో మొదలుపెట్టి బెత్తెడుకొకటి పొడుగు టాకాలు వేసుకుంటూ బయటికి రండి. అప్పుడు గాలి, వదులు రెండూ అంచుల్లోంచి పోతాయి. అసలు కుట్టు అయ్యాక టాకాలు లాగేయొచ్చు.

దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి ఒకటుంది. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ అడవుల వైపు ఉండే సిద్ది స్త్రీలు కవంది అనే బొంతలు కుడతారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. ముక్కలను ముందే అతికి పెట్టుకోరు. కుట్టు వస్తున్న దారిలో ఒక పీలిక పెట్టి, అంచు లోపలికి మడిచి, వేలితో అదిమి, దాని మీదుగానే కుట్టుకుపోతారు. ముడత పడబోతే తరవాతి ముక్క దాన్ని మింగేస్తుంది. చివర్లో నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న త్రికోణాలు కుడతారు, వాటిని పూలంటారు. అవి లేకపోతే బొంతకు బట్టలు కట్టనట్టేనట!

మీకు దగ్గర్లోదే ఇంకో కథ. అలబామాలో జీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి స్త్రీలు పొలంలో తొడిగి చిరిగిన ప్యాంట్లతో, చొక్కాలతో కుట్టిన క్విల్టులను 2002లో హ్యూస్టన్ ఆర్ట్ మ్యూజియం గోడల మీద వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులే వేసింది. చాలావాటిలో గీతలు అత్తయ్యగారి గీతల్లాగే వాటి ఇష్టం వచ్చినట్టు పోతాయి. మీ టీచరుగారికి చూపించండి.

ఇంకొకటి, ఆ బొంతను డ్రయ్యరులో వేయకండి. రెండు మూడు రకాల నూలు కలిసినప్పుడు వేడికి ఒక్కోటీ ఒక్కోలా ముడుచుకుంటుంది.

ప్రశ్న: మా నానమ్మకు 78. సూదిలో దారం ఎక్కడం లేదని కుట్టడమే మానేసింది. చేతులు ఇంకా బాగానే ఆడతాయి. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థిని, మదనపల్లె

జవాబు: కాలేజీకి వెళ్లే ముందు పది సూదులకు దారాలు ఎక్కించి, దిండుకు గుచ్చి వెళ్లు. దారం మోచేతి దాకా చాలు, పొడుగైతే మెలిపడి ముడులు పడతాయి. చీలిక కన్నం సూదులని దొరుకుతాయి, దారాన్ని పైనుంచి నొక్కితే చాలు. కుట్టుసామాను అంగట్లో ఉండే తీగ సాధనం కూడా తెచ్చిపెట్టు. తెల్లదారమైతే సూది వెనక ముదురు రంగు గుడ్డ పెట్టుకోమను. అన్నట్టు, నానమ్మ కళ్లు డాక్టరుకు చూపించి ఎన్నాళ్లయింది? శుక్లాలైతే ఆపరేషన్ చిన్నదే, చాలామందిని ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ముందు ఆ పని చూడు.